డ్రాయింగు బల్ల నుంచి గాజు పలక దాకా: రాజా దీన్‌దయాళ్

పాత హైదరాబాదు ఫొటోలంటూ వాట్సాప్‌లోనూ, క్యాలెండర్ల మీదా, బిర్యానీ హోటళ్ళ గోడల మీదా తిరిగే బొమ్మల్లో చాలావాటి వెనుక ఒకే మనిషి ఉన్నారు. ఆ బొమ్మల కింద ఆయన పేరు సాధారణంగా ఉండదు. పేరు తెలిసినవాళ్ళు కూడా "నిజాంగారి ఆస్థాన ఫొటోగ్రాఫర్" అనేసి ఊరుకుంటారు. ఆ మాట నిజమే గానీ, రాజా దీన్‌దయాళ్ జీవితంలో అది రెండో సగం మాత్రమే. మొదటి సగంలో ఆయన పబ్లిక్ వర్క్స్ కార్యాలయంలో ఎస్టిమేట్లు వేస్తూ, నక్షాలు గీస్తూ జీతం తీసుకున్న ఉద్యోగి. ఉద్యోగకాలమంతా భవనాల డ్రాయింగుల మధ్య గడిపినవాణ్ణి కాబట్టి నాకు ఆ మొదటి సగం మీద కాస్త పక్షపాతం ఉన్నమాట ఒప్పుకుంటాను. అయినా ఆ ఎస్టిమేటరును పక్కన పెట్టి ఆ ఫొటోగ్రాఫరును అర్థం చేసుకోవడం కుదరదని నా నమ్మకం.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో, నగల వ్యాపారం చేసే ఒక జైన కుటుంబంలో పుట్టారు. చదువు రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో సాగింది. 1847లో మొదలైన ఆ కళాశాలే ఈనాటి రూర్కీ ఐఐటీ. గంగా కాలువ తవ్వకానికి, దాని నిర్వహణకు కావలసిన మనుషులను తయారుచేయడం దాని తొలి పని. సోలానీ నది మీదుగా ఆ కాలువను దాటించిన అక్విడక్టు ఆ ఊరి పక్కనే ఉంది కాబట్టి, అక్కడి విద్యార్థులు పుస్తకంలో చదివినదాన్ని తలుపు తీస్తే కళ్ళారా చూడగలిగేవారు. సర్వే, లెవెలింగు, నక్షా గీయడం, పని పరిమాణాలు లెక్కగట్టి ఎస్టిమేటు వేయడం అక్కడ నేర్పే విద్యలు. 1866లో ఆయన ఇండోర్‌లోని పబ్లిక్ వర్క్స్ సచివాలయంలో ప్రధాన ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు.

ఈ ఉద్యోగం ఏమిటో ఈ తరానికి కాస్త చెప్పాలి. కంప్యూటరు రాకముందు డ్రాఫ్ట్స్‌మన్ చేతిలో ఉండేవి టీ-స్క్వేరు, సెట్‌స్క్వేర్లు, స్కేలు, ఇంకు పెన్ను. ఒక కట్టడాన్ని అతను మూడు విధాలుగా విడదీసి చూస్తాడు: పైనుంచి చూస్తే ప్లాను, ఎదురుగా నిలబడితే ఎలివేషను, నిలువునా కోస్తే సెక్షను. మనకు అందంగా కనిపించే మేడ అతనికి ముందు నిలువు గీతలూ అడ్డ గీతలూ, ఆ తరువాత ఘనపుటడుగుల రాతికట్టడం. ఎస్టిమేటరు ఇంకో మెట్టు ముందుకు పోతాడు. గోడ మందమెంత, కమాను వెడల్పెంత, కిటికీకీ కిటికీకీ మధ్య ఎడమెంత అని తేల్చుకోకుండా అతని కన్ను ఆ గోడ మీద నుంచి కదలదు. మేస్త్రీ తూకం గుండు వదిలి గోడ నిలువు చూసుకున్నట్టు, ఎక్కడికి వెళ్ళినా కళ్ళతోనే నిలువు చూసుకునే అలవాటు ఈ వృత్తిలో ఎవరికైనా అంటుకుంటుంది, తరువాత ఓ పట్టాన వదలదు.

ఇండోర్‌లో ఉండగానే ఆయనకు ఫొటోగ్రఫీ పట్టుకుంది. 1870ల మధ్య నాటికి అది కాలక్షేపం స్థాయి దాటిపోయింది. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయన్ను ప్రోత్సహించి, మధ్య భారత ఏజెన్సీలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీకి పరిచయం చేశారు. ఇండోర్‌లోని డేలీ కళాశాల ఆ డేలీ పేరుదే. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటనను కెమెరాలో బంధించే అవకాశం కూడా దీన్‌దయాళ్‌కు దక్కింది. పగలు సర్కారు ఎస్టిమేట్లు, మిగిలిన వేళ గాజు పలకలు అన్నట్టుగా ఆయన జీవితం చాలా ఏళ్ళు సాగింది. ఇలా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మునిగినవాళ్ళే ఎక్కువ. ఆయన మునగకపోవడానికి పై అధికారుల ఆదరణ ఒక కారణమైతే, రెండు పనులకూ కావలసిన కన్ను ఒకటే కావడం రెండో కారణమని నేననుకుంటాను.

ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఫొటో తీయడమంటే ఏమిటో ఊహించుకోవడం ఇప్పుడు కష్టం. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దాని మీద కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని సమంగా పరుచుకునేలా పొయ్యాలి. ఆ తరువాత చీకటిలో వెండి నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, వెలుగు సోకించి, తడి ఆరకముందే మళ్ళీ చీకట్లోకి తీసుకుపోయి కడగాలి. కొలోడియన్‌లో ఈథరు, ఆల్కహాలు ఉంటాయి కాబట్టి ఎండ తగిలితే నిమిషాల్లో ఆరిపోతుంది. మధ్య భారతపు ఎండలో, అడవి దారిలో, ఎడ్ల బండి మీద గాజు పలకలు, మందుల సీసాలు, నీళ్ళు, డేరాను తీసుకుపోయి ఈ పని చెయ్యాలి. 1880ల్లో ముందే తయారుచేసిన పొడి పలకలు అందుబాటులోకి వచ్చాక ఈ హడావుడి తగ్గింది. ఆ పైన ఇంకొక తమాషా ఉంది. ఆ కాలపు ప్రింటు కాగితం మీద కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు, బొమ్మను పట్టి ఉంచేది వెండి, దానికి ఊదారంగు కలిసిన గోధుమ ఛాయ తెచ్చేది బంగారు లవణం. వెండి, బంగారాల విషయంలో నగల వ్యాపారుల ఇంటి బిడ్డకు కొత్తేమీ లేదు. గుడ్డుసొన సంగతి ఆ జైన గృహంలో ఎలా జరిగిందో మాత్రం నాకెప్పుడూ కుతూహలమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎత్తయిన కట్టడాన్ని సెల్‌ఫోనుతో తీసినప్పుడు ఏమవుతుందో అందరికీ తెలుసు. శిఖరం ఫ్రేములోకి రావాలని ఫోనును పైకి వంచుతాం, అప్పుడు గోడలు రెండూ లోపలికి వాలి, చార్మినార్ కూడా వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. నిలువు గీతలు నిలువుగానే రావాలంటే, బొమ్మ పడే పలక తూకం గుండు పట్టుకున్నంత నిటారుగా ఉండాలి. దీన్‌దయాళ్ కాలపు పెట్టె కెమెరాలో దీనికొక మార్గం ఉండేది. వెనుక పలకను కదపకుండా ముందున్న లెన్సు పలకను మాత్రమే పైకి జరిపితే, కెమెరా వంగకుండానే శిఖరం ఫ్రేములోకి వస్తుంది. అదీ చాలనప్పుడు ఎదురింటి మిద్దె ఎక్కాలి, లేదా మంచె కట్టించుకోవాలి. నల్లగుడ్డ కింద తల దూర్చి చూసేవారికి కెమెరా వెనుక ఉండే గరుకు అద్దం మీద కట్టడం తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. తలకిందులైన మేడ మన మనసుకు మేడలా కనిపించదు, గీతల అమరికలా కనిపిస్తుంది. డ్రాఫ్ట్స్‌మన్‌కు అంతకంటే ఏం కావాలి?

1880ల మొదట్లో డేలీ తరువాతి ప్రతినిధి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట ఆయన బుందేల్‌ఖండ్ అంతా తిరిగారు. గ్వాలియర్ కోట, ఓర్ఛా, దతియా రాజభవనాలు, ఖజురాహో గుళ్ళు, సాంచి స్తూపం ఆ కెమెరాకు ఎక్కాయి. ఆ పర్యటన ఫలితంగా 86 ఫొటోలతో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాల సంపుటం 1886లో వెలువడింది. ఈ ఫొటోలు ఇప్పుడు లండన్ మొదలుకొని చాలా చోట్ల గ్రంథాలయాల వెబ్‌సైట్లలో పెద్ద సైజులో దొరుకుతాయి. గ్వాలియర్ కోట మీది మాన్ మందిర్ ఫొటోను తెరిచి తెర మీద ఒక స్కేలు ఆనించి చూడండి. ఆ గుండ్రటి బురుజుల అంచులు స్కేలుతో దాదాపు సమంగా నిలుస్తాయి. చాలా ఫొటోల్లో మెట్ల మీదనో, కమాను కిందనో ఒక మనిషి నిలబడి ఉంటాడు. కొందరు దాన్ని మానవ స్పర్శ అంటారు, నేను దాన్ని స్కేలు అంటాను. మనిషి అయిదున్నర అడుగులని తెలిస్తే ద్వారం ఎత్తు ఎంతో చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు. పురావస్తు ఫొటోలు తీసే ఇతరులూ ఆ కాలంలో ఇలాగే మనిషిని నిలబెట్టేవారు. కానీ దీన్‌దయాళ్ నిలబెట్టిన మనిషి కట్టడపు ముఖభాగానికి దగ్గరగా, కొలతకు పనికొచ్చే చోటనే ఉంటాడు. ఎలివేషను గీసినవాడి జాగ్రత్త అది.

ఇక్కడ ఒక పక్కదారి పట్టకుండా ఉండలేను. ఇదే కాలంలో జర్మనీలో ఆల్బ్రెహ్ట్ మైడెన్‌బావర్ అనే భవన నిర్మాణ నిపుణుడు ఉండేవాడు. 1858లో వెట్స్‌లార్‌లోని పెద్ద చర్చిని కొలుస్తూ గోడ మీద నుంచి పడిపోబోయి త్రుటిలో బతికి బయటపడ్డాడు. కట్టడాన్ని ఎక్కి కొలిచే బదులు ఫొటో తీసి ఆ ఫొటో మీద కొలవవచ్చు కదా అన్న ఆలోచన అతనికి అక్కడే పుట్టింది. ఫొటోగ్రామెట్రీ అన్న పేరు పెట్టినవాడూ అతనే. 1885లో ప్రష్యా ప్రభుత్వం ఇందుకోసం అతని నాయకత్వంలో ఒక సంస్థనే నెలకొల్పింది. సరిగ్గా అదే 1885 ప్రాంతంలో మన ఎస్టిమేటరు సర్కారు కొలువు వదిలి ఫొటోగ్రఫీనే వృత్తిగా ఎంచుకున్నారు. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు. ఒకరు ఫొటోను కొలతబద్దగా మార్చారు, మరొకరు కొలతబద్ద పట్టిన చేతికే కెమెరా ఇచ్చారు.

1885లో ఆయన వైస్రాయికీ, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కూ ఫొటోగ్రాఫరుగా నియమితులయ్యారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు. సికింద్రాబాదు ఎందుకంటే, అది దండు ఊరు. ఫొటో దిగే సరదా, దిగడానికి డబ్బు ఉన్న తెల్ల అధికారులూ, వాళ్ళ కుటుంబాలూ, రెజిమెంట్లూ అక్కడే ఉండేవి. 1874లోనే వాడీ నుంచి రైలు రావడంతో మందులూ, పలకలూ తెప్పించుకోవడం కూడా సులువైంది. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలు కనిపించాయి. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో వచ్చింది. 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంటు, అంటే రాణిగారి ఫొటోగ్రాఫరుగా అధికారిక గుర్తింపు, అందింది. నిజాం ఆయనకు రాజా బిరుదుతో పాటు ముసవ్విర్ జంగ్ అనే బిరుదునూ ఇచ్చి, ఉస్తాదులకు ఉస్తాదని ఒక ఉర్దూ ద్విపదలో మెచ్చుకున్నట్టు చెబుతారు. ఈ సన్మానాల జాబితాను ఇంతకంటే సాగదీయను.

నిజం చెప్పాలంటే, నవాబులు, దొరలు స్టూడియోలో కుర్చీలో కూర్చుని దిగిన ఫొటోలు నన్ను అంతగా ఆకట్టుకోవు. వెనుక తెర మీద గీసిన తోట, పక్కన చెక్కడపు బల్ల, దాని మీద టోపీ: ఆ మర్యాద ఆ కాలపు స్టూడియోలన్నిటిదీ, దీన్‌దయాళ్ ప్రత్యేకతేమీ కాదు. ఆయన అసలు బలం బయటికి వచ్చినప్పుడు, లేదా పెద్ద గది లోపలికి వెళ్ళినప్పుడు తెలుస్తుంది. ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి గదుల ఫొటోలు చూడండి. గోడ ఎక్కడ ఆగుతుందో, పైకప్పు ఎక్కడ మొదలవుతుందో, కార్పెట్ అంచు ద్వారానికి ఎంత దూరంలో ఉందో ప్రతి గీతా లెక్కతో పడింది. కిటికీలోంచి వచ్చే వెలుతురే ఆధారంగా పలకను చాలాసేపు తెరిచి ఉంచాలి. ఆ మధ్యలో ఒక నౌకరు గది దాటినా వాడి జాడ పలక మీద నిలవదు, కుర్చీ మాత్రం కదలకుండా ఉండాలి. ఇంటిని చూసే మర్యాద తెలిసినవాళ్ళకే గది ఖాళీగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో తెలుస్తుందని నేను అనుకుంటాను.

వరంగల్ వాసులకు ఆసక్తి కలిగించే ఫొటో ఒకటి ఉంది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు నెక్కొండ దగ్గర అడవిలో వేట ఏర్పాటు చేశారు. చచ్చిన పులి పక్కన కర్జన్, ఆయన భార్య నిలబడి ఉన్న ఫొటో దీన్‌దయాళ్ సంస్థదే. ఇప్పుడు కాజీపేట, విజయవాడల మధ్య రైలు ఎక్కినవాళ్ళకు నెక్కొండ స్టేషను పేరు కనిపిస్తుంది గానీ, అక్కడ పులి మాట ఎవరూ ఎత్తరు. ఆ ఫొటోలో వేటగాళ్ళ గొప్ప తప్ప ఇంకేమీ లేదని కొందరంటారు. ఉన్నది నిజంగా అంతే, ఫొటోగ్రాఫరుకు ఇచ్చిన పని కూడా అంతే.

అదే మాట ఇంకా బరువుగా చెప్పవలసింది కరువు ఫొటోల విషయంలో. 1899-1900 కరువులో ఔరంగాబాదు ప్రాంతంలో నిజాం సర్కారు చేపట్టిన సహాయక చర్యలను ఆయన చిత్రించారు. కరువు పనులంటే రోడ్లు వేయడం, చెరువులు తవ్వడం, రాళ్ళు కొట్టడం. చివరికి అవి మళ్ళీ పబ్లిక్ వర్క్స్ పద్దులే. ఎముకల గూళ్ళైన జనం రోజు కూలీకి రాళ్ళు కొట్టే పని ఎలా కొలుస్తారో, ఆ కొలత పుస్తకంలో ఎలా ఎక్కిస్తారో ఆయనకు తన పాత ఉద్యోగం వల్ల బాగా తెలిసి ఉండాలి. కానీ ఆ ఫొటోల్లో కనిపించేది కరువు కంటే ఎక్కువగా సర్కారు సహాయమే. అంతటి సూక్ష్మమైన కన్ను ఉన్న మనిషి ఇక్కడ ఇచ్చిన పని చేసి ఊరుకున్నారని నాకు నొప్పిగానే ఉంటుంది. రాజుగారి ఖర్చుతో తిరిగే కెమెరా రాజుగారి వైపే తిరుగుతుంది. ఆయన గొప్పదనాన్ని తగ్గించాలని ఈ మాట అనడం లేదు, ఆ ఫొటోలను సాక్ష్యంగా తీసుకునేవాళ్ళు ఏ వైపు సాక్ష్యమో కూడా చూసుకోవాలని అంటున్నాను.

కుటుంబ జీవితంలో చివరి రోజులు కష్టంగానే గడిచాయి. స్టూడియోలో తోడుగా ఉన్న కొడుకు ధర్మ్‌చంద్ 1904లో చనిపోయాడు. మరుసటి ఏడాది, 1905లో, దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. 1905-06లో వేల్స్ యువరాజు వచ్చేనాటికి ఆయన లేరు, కానీ సంస్థ పేరుతో ఆ పర్యటన ఫొటోలు వచ్చాయి. చిన్న కొడుకు జ్ఞాన్‌చంద్ పనిని కొనసాగించాడు. సంస్థ మెల్లగా తగ్గుముఖం పట్టింది. కోడాక్ పెట్టె కెమెరాలు జనం చేతికొచ్చాక ఫొటో దిగడానికి స్టూడియోకే వెళ్ళాలన్న అవసరం తగ్గడం ఇందుకు కొంత కారణమై ఉంటుంది.

ఆ వారసత్వంలో మిగిలిన గాజు పలకల్లో 2,857 నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన మీద ఒక బిళ్ళ విడుదల చేసింది. గాజు పలకకున్న సుగుణం ఏమిటంటే, ప్రింటు పలకతో సమానమైన సైజులో, తాకించి తీస్తారు. పెద్ద పలక అయితే అంత పెద్ద బొమ్మే వస్తుంది, మధ్యలో పెద్దది చేసే లెన్సు ఉండదు కాబట్టి వివరం పోదు. పలక అంచున సంఖ్యా, శీర్షికా రాసే అలవాటు సంస్థకు ఉండేది. సర్వే మ్యాపుకు శీర్షిక పెట్టకుండా ఫైలులో పెట్టని ఆఫీసులో పనిచేసినవారికి ఇది ఆశ్చర్యం కాదు. ఈ సంఖ్యలే ఇప్పటి పరిశోధకులకు ఏది ముందు, ఏది తరువాత అని క్రమం తేల్చుకోవడానికి ఆధారం అవుతున్నాయి.

ఈ పలకలతో ఏం చేయవచ్చో మన ఊరి ఉదాహరణతోనే చెబుతాను. చార్మినార్ చదరపు కట్టడం, ఒక్కో పక్క దాదాపు 20 మీటర్లు, ఒక్కో కమాను వెడల్పు దాదాపు 11 మీటర్లు. దాన్ని సూటిగా ఎదురుగా తీసిన పాత ఫొటోలో కమాను వెడల్పును స్కేలుగా పెట్టుకుంటే, ఆ కమాను ఉన్న తలంలోనే, పలకకు సమాంతరంగా ఉన్న దేనికైనా కొలత తీయవచ్చు. కెమెరా పైకి వంగి ఉంటే ఈ లెక్క చెడిపోతుంది, లేదా పెద్ద లెక్క చేసి సరిదిద్దుకోవలసి వస్తుంది. దీన్‌దయాళ్ పలకల్లో ఆ బెడద తక్కువ. 1908 మూసీ వరదకు ముందు నది ఒడ్డు ఎలా ఉండేదో, దుకాణాల మీద ఏ ఎత్తున మిద్దెలు ఉండేవో తెలుసుకోవాలనుకునేవారికి ఇదొక నమ్మదగిన దారి.

బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు. సర్ అస్మాన్ జా కట్టించిన ఆ భవనాన్ని తరువాత పడగొట్టేశారు, పేరు మాత్రం ఆ చౌరస్తాకు మిగిలింది. దాని ముఖభాగాన్ని, లోపలి గదులను దీన్‌దయాళ్ సంస్థ తీసిన ఫొటోలు ఉన్నాయి. ఆర్కిటెక్చరు కళాశాలల విద్యార్థులు ఎవరైనా ఆ ఫొటోల్లో తలుపు ఎత్తునో, మెట్టు ఎత్తునో ఆధారంగా తీసుకుని ఆ ముఖభాగపు ఎలివేషనును మళ్ళీ కాగితం మీద గీయవచ్చు. మెట్టు ఎత్తు ఆ కాలపు భవనాల్లో ఆరంగుళాల అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మొదటి స్కేలు అక్కడి నుంచి తీసుకుని, దాన్ని తలుపు ఎత్తుతో సరిచూసుకోవడం మంచిది.